నల్లా రాని గంటల్లోనే అసలు గండం

2019 నవంబరులో అప్పటి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ దేశంలోని పెద్ద నగరాల నల్లా నీళ్లకు ర్యాంకులు ప్రకటించారు. పరీక్షలు చేసింది భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్. ముంబైకి మొదటి స్థానం దక్కింది. భువనేశ్వర్‌తో పాటు హైదరాబాద్ రెండో స్థానంలో నిలిచింది. హైదరాబాద్‌లో తీసిన పది నమూనాల్లో ఒక్కటే తప్పింది, అదీ ఫినాల్ జాతి పదార్థాల దగ్గర. ఢిల్లీలో తీసిన పదకొండుకు పదకొండూ తప్పడంతో అక్కడ పెద్ద రాజకీయ రగడే నడిచింది. హైదరాబాద్‌లో మాత్రం ఆ వార్తను ఒకపూట చదివి పక్కన పెట్టేశారు. రెండో ర్యాంకు వచ్చింది కదా అని ఎవరూ వంటింట్లో ఆర్వో మిషన్ పీకేయలేదు, ఇరవై లీటర్ల క్యాన్ మానుకోలేదు.

బీఐఎస్ చెప్పింది అబద్ధం కాదు, జనం అనుమానమూ వట్టిది కాదు. కోటి మంది బతికే ఊరికి పది నమూనాలంటే లెక్కలోకి రావన్నది ఒక సంగతి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరేటప్పుడు హైదరాబాద్ నీళ్లు మంచి నీళ్లే. ఇంటి నల్లా దాకా చేరేవి మాత్రం ఎప్పుడూ ఆ నీళ్లే కావు. నడుమ ఉన్న పైపు దారిలో చెడతాయి, అదీ ఎక్కువగా ఆ పైపులో నీళ్లు పారుతున్నప్పుడు కాదు, పారనప్పుడు. నగరాల తాగునీటి గురించి మాట్లాడేటప్పుడు ఎక్కడెక్కడో వెతుకుతాం గానీ, ఈ ఖాళీ గంటల గురించి చాలా తక్కువ మాట్లాడతాం.

ఎక్కడి నుంచో ఎత్తిపోసే నీళ్లు

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి పడమట రెండు పెద్ద జలాశయాలు వచ్చాయి. ఉస్మాన్‌సాగర్, అంటే జనం నోట గండిపేట, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో. వరద ఆపడానికి కట్టినవే నగరం దాహమూ తీర్చాయి. పైగా నగరం కంటే ఎత్తున ఉండటంతో నీళ్లు వాటంతట అవే పల్లానికి వచ్చేవి, కరెంటు ఖర్చు లేదు. ‘గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు వదిలి పోడు’ అనే మాట అప్పటిదే. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పరిశ్రమలు, భారీ కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో మరో జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. ఆ గొడవ వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఇక్కడికి చాలినంత ఏమిటంటే, నగరం తాగే నీళ్లలో ఈ జంట జలాశయాల వాటా ఇప్పుడు చాలా చిన్నది.

పెద్ద వాటా దూరాల నుంచి వస్తుంది. 1960ల నుంచి మంజీర, తర్వాత సింగూరు, 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, మొత్తం 270. ఆ వెంటనే ఎల్లంపల్లి నుంచి గోదావరి, రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు. ఈ రెండు నదుల పథకాల సామర్థ్యమే కలిపితే రోజుకు దాదాపు 200 కోట్ల లీటర్లు. నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు. హైదరాబాద్ ఉన్నది సముద్రమట్టానికి 1,700 అడుగులకు పైన. అంటే కృష్ణా నీటిని నూరు కిలోమీటర్లకు పైగా తీసుకురావడమే కాదు, వెయ్యి అడుగులకు మించి ఎత్తాలి. గండిపేట రోజుల్లో ఉచితంగా జరిగిన పనికి ఇప్పుడు మోటార్లు రాత్రింబవళ్లు తిరగాలి.

కోదండాపూర్‌లోనో మల్లారంలోనో జరిగే శుద్ధిలో కొత్త విద్యేమీ లేదు. నీళ్లలో పటిక కలుపుతారు. కంటికి కనిపించని మట్టి రేణువులు దానికి అంటుకుని ముద్దలై కిందికి దిగుతాయి. పైన తేటపడ్డ నీళ్లు ఇసుక పొరల గుండా పోతాయి. చివర క్లోరిన్ పడుతుంది. వందేళ్లకు పైగా లోకమంతా నమ్ముకున్న పద్ధతి ఇది. సరిగ్గా చేస్తే నది నీరు తాగునీరవుతుంది. హైదరాబాద్‌లో సాధారణంగా సరిగ్గానే చేస్తారు. ర్యాంకు రావడానికి కారణం అదే.

పైపు లోపల ఏం జరుగుతుంది

నగరంలో చాలా కాలనీలకు, బస్తీలకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. లైన్‌మన్ వచ్చి టీ ఆకారంలో ఉన్న ఇనుప కీ వాల్వ్ చాంబర్‌లోకి దించి తిప్పుతాడు, గంటో రెండు గంటలో నీళ్లు పారతాయి, మళ్లీ తిప్పి పోతాడు. రెండు గంటలు అనుకుంటే, 48 గంటల్లో 46 గంటలు ఆ వీధి పైపులో ఒత్తిడి ఉండదు. పైపు పూర్తిగా ఎండిపోదు, అడుగున కాస్త నీళ్లు నిలిచి ఉంటాయి, పైన గాలి.

పైపుకు చిల్లులు లేని ఊరు భూమ్మీద లేదు. జాయింట్ల దగ్గర రబ్బరు వాషర్ అరిగిపోతుంది, పాత పోత ఇనుప గొట్టం తుప్పు పట్టి పలచబడుతుంది, కేబుల్ కోసం తవ్విన జేసీబీ పళ్లు తగిలి చిన్న పగులు పడుతుంది. నీళ్లు ఒత్తిడితో పారుతున్నప్పుడు ఆ చిల్లు నుంచి నీళ్లు బయటికి పోతాయి. అది నష్టమే గానీ ప్రమాదం కాదు, బయటిది లోపలికి రాలేదు. వాల్వ్ కట్టేశాక కథ తిరగబడుతుంది. పైపు పల్లానికి ఖాళీ అవుతుంటే లోపల వెలితి ఏర్పడి, ఆ చిల్లు చుట్టూ మట్టిలో ఏ తడి ఉంటే దాన్ని లోపలికి లాగుతుంది. ఆ తడి వాన నీరు కావచ్చు. పక్కనే పగిలిన డ్రైనేజీ లైను నుంచి ఊరిన మురుగు కావచ్చు.

పక్కనే డ్రైనేజీ ఎందుకుంటుందన్నది అడగాల్సిన ప్రశ్న. తాగునీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య మూడు మీటర్ల ఎడం ఉండాలని, మంచినీటి లైను పైన, మురుగు లైను కింద ఉండాలని ఇంజనీర్లు పాటించే కేంద్ర మాన్యువల్ చెబుతుంది. పాతబస్తీలోనో, ముషీరాబాద్ వెనక సందుల్లోనో గల్లీ మొత్తం వెడల్పే మూడు మీటర్లు ఉండదు. ఆ గల్లీలోనే మంచినీరు, మురుగు, వాననీటి మోరీ, టెలిఫోన్ కేబుల్, అన్నీ సర్దుకోవాలి. ఇంటికి ఇచ్చే సన్న జీఐ (జింకు పూత ఇనుప) పైపులు మోరీ గోడను పొడుచుకుని, కొన్నిచోట్ల మోరీ నీళ్లలో మునిగే అడ్డంగా పోతాయి. ఆ సన్న పైపు ఇంటి యజమాని ఖర్చుతో వేసుకున్నది. తుప్పు పట్టి కారినా, వీధిలో ఉంది కాబట్టి అతను పట్టించుకోడు, ఇంటి సొంతం కాబట్టి సిబ్బందీ పట్టించుకోరు.

ఒత్తిడి తక్కువైన చోట జనం చేసుకునే ఉపాయాలు దీనికి తోడు. నేల మట్టానికి నీళ్లు ఎక్కకపోతే రెండడుగుల గుంత తవ్వి అందులో నల్లా బిగిస్తారు. ఆ గుంతలో బట్టలుతికిన నీళ్లు, వాన నీళ్లు నిలుస్తాయి. నల్లా మూతి వాటిలో మునిగి ఉంటుంది. నీళ్లు ఆగిపోయిన క్షణాన పైపు ఆ గుంతను గటగటా తాగుతుంది. మరికొందరు నల్లాకు నేరుగా మోటార్ బిగిస్తారు. వీళ్ల మోటార్ లాగినప్పుడు పక్కింటి దగ్గర పైపులో వెలితి పుడుతుంది. నీళ్లు పారుతున్న గంటల్లో కూడా మురుగు లోపలికి రావడానికి ఇదే దారి. పక్కింటివాళ్లకు నీళ్లు తగ్గుతాయి కాబట్టి వాళ్లూ మోటార్ పెడతారు. ఇలా ఒకర్ని చూసి ఒకరు వీధంతా బిగించుకుంటారు. మోటార్లు చట్టవిరుద్ధమని నగరానికి నీళ్లిచ్చే సంస్థ జలమండలి ఎన్నిసార్లు చెప్పినా, జప్తు చేసినా, నీళ్లు అందనివాడికి ఆ మాట ఎక్కదు.

భోలక్‌పూర్, గుంటూరు

2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో ఇదంతా ఒక్కసారిగా బయటపడింది. తోళ్ల గోదాములు, పాత ఇనుప సామాన్ల దుకాణాలు, ఇరుకు ఇళ్లు కలగలిసిన బస్తీ అది. నల్లాల్లో వచ్చిన నీళ్లు తాగి వందల మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. కారణం కలరా. ఇరవయ్యొకటో శతాబ్దంలో, ఐటీ నగరంగా పేరుపడ్డ ఊరి నడిబొడ్డున. కృష్ణా నీటి రెండో దశ వచ్చిన ఏడాదికే. నది నుంచి వచ్చిన నీళ్లలో కలరా లేదు. పాత పైపులో మురుగు కలిసింది. తర్వాత అక్కడ పైపులు మార్చారు.

2018 మార్చిలో గుంటూరులోనూ ఇదే జరిగింది. ఉండవల్లి దగ్గర కృష్ణానది నుంచి తీసుకుని తక్కెళ్లపాడులో శుద్ధి చేసిన నీరు ఆ నగరానికి వస్తుంది. నగరంలో ఒకవైపు మాత్రమే వ్యాధి ప్రబలింది, మరోవైపు జనం అవే నీళ్లు తాగి బాగానే ఉన్నారు. తాగునీటిలో మురుగు కలిసిందన్నదే అక్కడా తేలింది. చనిపోయినవాళ్లు, ఆస్పత్రుల్లో మంచాలు చాలక నేల మీద పడుకున్నవాళ్లు, సస్పెండయిన ఇంజనీర్లు, ముఖ్యమంత్రి సమీక్షలు, అన్నీ అయ్యాక పైపులు మార్చే పని మొదలైంది. ఏ ఊరిలోనైనా వరస ఇదే. ముందు నల్లాలో వాసన వస్తోందని జనం చెబుతారు, ఎవరో వచ్చి చూసి పోతారు, చావు తర్వాత గానీ తవ్వకం మొదలవదు.

ఇలాంటివి పేపరుకెక్కేవి. కొన్ని రోజులు కడుపు నొప్పి, రెండు రోజులు సెలవు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, ఇవేవీ ఎక్కడా నమోదు కావు. కామెర్లు కొంత నమోదవుతాయి. 2005 వేసవిలో హైదరాబాద్‌లో హెపటైటిస్-ఈ ప్రబలినప్పుడు ఆస్పత్రులకు అది స్పష్టంగా కనిపించింది. గర్భిణులకు ప్రాణాంతకమయ్యే జబ్బు అది.

కామెర్ల విషయంలో ఢిల్లీ పాత అనుభవం ఒకటి తెలుసుకోదగ్గది. 1955లో యమునకు వరద వచ్చి, నజఫ్‌గఢ్ మురుగు వజీరాబాద్ దగ్గర నీళ్లు తీసుకునే చోటికి ఎదురు తన్నింది. శుద్ధి కేంద్రం వాళ్లు ప్రమాదం గమనించి క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు. కామెర్లు మాత్రం 29 వేల మందికి పైగా వచ్చాయి. దాచిపెట్టిన రక్తనమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షించినప్పుడు అది హెపటైటిస్-ఏ గానీ, బీ గానీ కాదని తేలింది. హెపటైటిస్-ఈ వైరస్సు పని అని ఆ తర్వాత గుర్తించారు. మురుగు చిక్కగా కలిసినప్పుడు బ్యాక్టీరియా చచ్చినా వైరస్ తప్పించుకోగలదు. ‘క్లోరిన్ వేశాం కదా’ అన్న జవాబు అందుకే అన్ని వేళలా చాలదు.

క్లోరిన్ వాసన మంచిదే

అయినా క్లోరిన్‌కు సాటి వచ్చేది ఏదీ లేదు. దాని గొప్పతనం చంపడంలోనే కాదు, మిగలడంలో ఉంది. శుద్ధి కేంద్రంలో పని అయ్యాక కొంత క్లోరిన్ నీళ్లలో ఉండిపోతుంది. దారిలో ఎక్కడైనా కాస్త మురికి కలిస్తే దాని పని పడుతుంది. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, లైను చివరి ఇంటి దగ్గర కూడా. అదే ప్రమాణం ప్రకారం ఏ వంద మిల్లీలీటర్ల నమూనాలోనూ ఈ-కొలై బ్యాక్టీరియా కనిపించకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

నూరు కిలోమీటర్ల దూరం ప్రయాణించే నీళ్లలో క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకని నగరంలోని రిజర్వాయర్ల దగ్గర మళ్లీ కలుపుతారు. రిజర్వాయర్‌కు దగ్గరున్న ఇంట్లో బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది, లైను చివర ఇంట్లో అసలుండదు. వాసన వస్తోందని ఫిర్యాదు చేసేవాళ్లు మొదటి ఇంటివాళ్లు. భయపడాల్సింది రెండో ఇంటివాళ్లు.

ఇంటికొచ్చాక మిగిలిన కాస్తనూ పోగొట్టేది సంపు. నగరం ఆగి ఆగి నీళ్లిస్తుంది కాబట్టి ప్రతి ఇల్లూ దాచుకోవాలి. అపార్ట్‌మెంట్ సంపులో మంజీర నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కలిసిపోతాయి. అడుగున వేలెడు మందం ఒండ్రు ఉంటుంది. ఆ ఒండ్రు క్లోరిన్‌ను గంటల్లో మింగేస్తుంది. సంపు మూత నేల మట్టానికే ఉంటే కారు కడిగిన నీళ్లు, పెంపుడు కుక్కను కడిగిన నీళ్లు అందులోకే. మెయింటెనెన్స్ లెక్కల్లో లిఫ్టు సర్వీసింగ్‌కు ప్రతి నెలా పద్దు ఉంటుంది, సంపు కడిగిన ఖర్చు మాత్రం ఎప్పుడో దసరాకో, సంక్రాంతికో ఒకసారి కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. జలమండలి నీళ్లు బాగాలేవని గొడవపడే అసోసియేషన్లలో ఎన్నో తమ సంపు మూత తీసి చూసుకోవు.

కడిగి నింపాక బ్లీచింగ్ వేయడం పెద్ద విద్యేం కాదు. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు చాలు. బకెట్లో కలిపి, తేరనిచ్చి, పై తేట మాత్రం పోసి, అరగంట ఆగాలి. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో ఏడాదిగా పడివున్న పౌడర్‌లో క్లోరిన్ ఉండదు, సున్నం మాత్రమే మిగులుతుంది.

తప్పు జబ్బుకు మందు

జనం తమ అనుమానానికి కనిపెట్టుకున్న మందు ఆర్వో. అది ఉప్పు తీసే యంత్రం. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, అందరి నోటా నానుతున్న టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిదేనని ఐఎస్ 10500 చెబుతుంది. కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు సాధారణంగా ఆ లోపే ఉంటాయి. అలాంటి నీళ్లకు ఆర్వో అక్కర్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో గట్టిగానే చెప్పి, 500 లోపు ఉన్నచోట వాటిని నిషేధించమంది. మిషన్లు అమ్మేవాళ్లకు ఆ మాట రుచించలేదు, కొనేవాళ్లకు చేరనే లేదు.

ఇంటికొచ్చే సేల్స్‌మన్ చూపించే గారడీ ఒకటుంది. రెండు గ్లాసులు పెడతాడు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింట్లో ముంచి కరెంటు ఇస్తాడు. నిమిషంలో నల్లా నీళ్లు తుప్పు రంగుకు మారి బురదగా అవుతాయి. ఆర్వో గ్లాసు తేటగానే ఉంటుంది. చూసినవాళ్ల కడుపులో తిప్పుతుంది. ఆ బురద నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, లవణాలు లేని నీళ్లలో పారదు కాబట్టి కరగదు. చెంచాడు ఉప్పు తెచ్చి ఆర్వో గ్లాసులో వేసి మళ్లీ ముంచమని అడిగితే సేల్స్‌మన్ సామాను సర్దుకుంటాడు.

టీడీఎస్ మీటర్ కూడా అంతే, ఉప్పునే కొలుస్తుంది. అది 150 చూపించిన నీళ్లలో కలరా క్రిమి హాయిగా ఉండగలదు. మురుగు కలిస్తే అంకె పెరగవచ్చు, పెరగకపోవచ్చు. ఆర్వో పొర సూక్ష్మజీవుల్ని కూడా ఆపుతుందన్నది నిజమే, పొర చిరగకుండా, ఫిల్టర్లు వేళకు మారుస్తుంటే. కానీ క్లోరిన్‌ను అది ముందే తీసేస్తుంది. అందుకని మిషన్ ట్యాంకులోనో, స్టీలు బిందెలోనో నిలవున్న నీళ్లకు ఇక ఏ రక్షణా ఉండదు. ఇరవై లీటర్ల క్యాన్ సంగతి ఇంకా నాసి. గల్లీ చివర షట్టర్ వెనక బోరు వేసి, చిన్న ప్లాంటు పెట్టి, క్యాన్లను పైపైన కడిగి నింపి ఆటోలో వేసే చోట నీళ్ల కంటే క్యాన్ కడిగిన తీరే ముఖ్యం. ఆ క్యాన్ మీద ఎక్కువగా ఏ లైసెన్సు నంబరూ ఉండదు. నల్లా నీళ్లను అనుమానించే ఇల్లు ఆ క్యాన్‌ను అనుమానించదు, డబ్బు పెట్టి కొన్నది కాబట్టి.

ఆర్వోకు తగిన చోట్లు లేకపోలేదు. శివారు కాలనీల్లో బోరే దిక్కయిన ఇళ్లకు టీడీఎస్ వెయ్యి దాటడం మామూలు. నైట్రేట్లు ప్రమాణమైన 45 మిల్లీగ్రాములు దాటిన బోర్లు సెప్టిక్ ట్యాంకుల పక్కనే ఉంటాయి. నైట్రేట్లు కాచితే పోవు, కాస్త పెరుగుతాయి కూడా. పటాన్‌చెరు వైపు భూగర్భజలాల కథ మరీ వేరు. అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అలాంటి చోట బోరు మూసి నది నీరు ఇవ్వడమే మేలు, ఏ మిషన్ మీదా భారం వేయడం కాదు.

ఎప్పుడు కొలుస్తున్నాం

కర్ణాటకలోని హుబ్లీ-ధార్వాడ జంట నగరాల్లో ఒక అరుదైన పోలిక వీలైంది. అక్కడ జనాభాలో దాదాపు పదో వంతుకు ప్రయోగంగా 24 గంటల సరఫరా ఇచ్చారు. మిగతావాళ్లకు కొన్ని రోజులకోసారి. నది, శుద్ధి కేంద్రం రెండు వైపులా ఒక్కటే. పరిశోధకులు ఇళ్ల నల్లాల దగ్గర నెలల తరబడి నమూనాలు తీశారు. నిరంతరం నీళ్లొచ్చే చోట మలసంబంధమైన బ్యాక్టీరియా కనిపించడం చాలా అరుదు. ఆగి ఆగి వచ్చే చోట తరచుగా కనిపించింది. అందులోనూ నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో ఎక్కువ, ఒత్తిడి పడిపోయినప్పుడు ఎక్కువ. ఆరోగ్యం దగ్గర ఫలితం అంత తేటగా లేదు. టైఫాయిడ్ తగ్గింది, పేద ఇళ్లలో రక్తవిరేచనాలు తగ్గాయి, పిల్లల మామూలు విరేచనాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేతులు కడగడం, ఇంట్లో బిందె మూత, వీధిలో మురుగు, ఇవన్నీ నల్లాతో మారవు కదా. అయినా నీళ్ల మట్టుకు తీర్పు స్పష్టం.

ఒడిశాలోని పూరీ 2021 జూలైలో నగరమంతటికీ 24 గంటల సరఫరా, నేరుగా నల్లా నుంచి తాగే నీరు ప్రకటించింది. రెండున్నర లక్షల జనాభా ఉన్న ఊరు చేయగలిగిందని హైదరాబాద్ మొత్తం రాత్రికి రాత్రి చేయాలనడం అన్యాయం. ఒక్కో ప్రాంతాన్ని విడదీసి, అక్కడి చిల్లులు మూసి, మీటర్లు పెట్టి, ఒత్తిడి నిలబెట్టి, తర్వాతి దానికి పోవాలి. నీళ్లు చాలవన్న మాట వినిపిస్తుంది. నిజానికి 24 గంటలు నీళ్లొచ్చే ఇల్లు నింపి పారబోయదు. రేపు రావన్న భయమే డ్రమ్ములు నింపిస్తుంది, కొత్త నీళ్లు రాగానే పాతవి ఒలకబోయిస్తుంది. హైదరాబాద్‌లో గృహాలకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం 2021 జనవరి నుంచి అమలైంది. ఎన్ని లీటర్లు అన్నది ఎన్నికల మాట అయింది. ఎన్ని గంటలు అన్నది ఎప్పుడూ కాలేదు.

చట్టం సంగతి ఇంకో వెలితి. ఐఎస్ 10500 ఉంది గానీ, నల్లా నీళ్లిచ్చే సంస్థలు దాన్ని పాటించి తీరాలన్న కేంద్ర చట్టం లేదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఏటా జూలై ఒకటిలోగా తమ ఊరి నీటి సంస్థ నుంచి ఒక నివేదిక అందుతుంది. నీళ్లు ఎక్కడివి, ఏ పదార్థం ఎంత తేలింది, ఎన్నిసార్లు ప్రమాణం దాటింది, అన్నీ అందులో ఉంటాయి. చాలామంది చూడకుండానే చెత్తబుట్టలో వేస్తారు, అది వేరే మాట. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టానికి తర్వాత చేసిన సవరణ వల్ల అది తప్పనిసరి అయింది. ఇక్కడ అలా కాలనీ వారీగా లెక్క అడగడానికి వినియోగదారుడి చేతిలో ఉన్నది ఫిర్యాదు నంబరు ఒక్కటే.

జలమండలి నంబరు 155313కు ఫోన్ చేస్తే సిబ్బంది వస్తారు, చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి నాలుగు చుక్కల మందు వేస్తారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది, మాత్రలు వాడితే గులాబీ రంగు. రంగు రాకపోతే నీళ్లకు కాపలా లేనట్టే, ఆ రోజుకు నీళ్లు తెర్లేదాకా కాచి, ఇంకో నిమిషం మరగనిచ్చి తాగడం మంచిది. మరో చవకైన పరీక్ష, లోపల మందు ఉన్న చిన్న సీసా (హెచ్2ఎస్ కిట్). గుర్తుదాకా నీళ్లు పోసి మూతపెట్టి ఉంచితే, మురుగు కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ నమూనాలు పరీక్షిస్తారు. ఏ పరీక్షకైనా నమూనా ఎప్పుడు పట్టారన్నదే కీలకం. సిబ్బంది సాధారణంగా నీళ్లు బాగా పారుతున్నప్పుడు, గంట గడిచాక వచ్చి పడతారు, అప్పటికి పైపు తనను తాను కడుక్కుని ఉంటుంది. ఫిర్యాదు చేసేవాళ్లు అడగాల్సింది లైన్‌మన్ వాల్వ్ తిప్పిన మొదటి పది నిమిషాల నీళ్లను, అదీ రిజర్వాయర్ పక్క వీధిలో కాదు, లైను ఆఖరి ఇంటి నల్లా దగ్గర.